మందుల అడ్డా జీడిమెట్ల.. పసివాళ్ల ఆయాసానికి మాత్రం మందేదీ?

జీడిమెట్ల అంటే మందుల ఫ్యాక్టరీలు. షాపూర్‌నగర్ దాటి ఐడీఏ రోడ్డులోకి మళ్లితే బోర్డులు చదవక్కర్లేదు, వాసనే చెప్పేస్తుంది. ఇటు బాలానగర్ వైపు ఒకప్పటి ఐడీపీఎల్, అటు బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్, ఉత్తరాన శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. బర్డ్ ఫ్లూ భయం ప్రపంచాన్ని పట్టుకున్న 2005లో, ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌ను మన దేశంలో తయారు చేసేందుకు రోష్ కంపెనీ లైసెన్స్ ఇచ్చింది హైదరాబాద్ హెటిరోకే. 2020 జూన్‌లో కోవిడ్ రోగుల కోసం రెమ్‌డెసివిర్‌ను 'కోవిఫర్' పేరుతో మార్కెట్‌లోకి తెచ్చిందీ అదే కంపెనీ. వైరస్‌కు మందు కావాలంటే దేశం మొత్తం హైదరాబాద్ వైపు చూసిన రోజులవి.

ఆ ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న సూరారం, గాజులరామారం, జగద్గిరిగుట్ట, చింతల్ బస్తీల్లో మాత్రం వానలు మొదలైన దగ్గర్నుంచి చలి పోయేదాకా ఏటా ఒకే కథ. ఇంట్లో పెద్ద పిల్లాడికి జలుబు చేస్తుంది. రెండు మూడు రోజులకు చంటిబిడ్డకు అంటుకుంటుంది. మొదట ముక్కు కారుతుంది, తర్వాత దగ్గు, ఆ తర్వాత పిల్లికూతలు. బిడ్డ డొక్కలెగరేస్తుంది, పాలు వదిలేస్తుంది. దవాఖానాకు తీసుకెళ్తే "వైరస్ వల్ల వచ్చిందమ్మా" అంటారు. "మరి వైరస్‌కు మందు రాయండి డాక్టర్ సాబ్" అని తల్లి అడుగుతుంది. డాక్టర్ ఆక్సిజన్ పెడతారు, ముక్కు శుభ్రం చేయిస్తారు, పాలు ఎలా పట్టాలో చెబుతారు. మందు మాత్రం రాయరు. ఏమీ చేయట్లేదనుకుని ఆ కుటుంబం బిడ్డను ఎత్తుకుని మరో ఆసుపత్రికి పరుగెడుతుంది.

అసలు అనర్థం మొదలయ్యేది ఈ పరుగులోనే. డాక్టర్ మందు రాయకపోవడం నిర్లక్ష్యం కాదు. ఎక్కువ మంది పసివాళ్ల విషయంలో రాయదగ్గ మందు నిజంగానే లేదు.

ఈ జబ్బు పేరు బ్రాంకియోలైటిస్. ఊపిరితిత్తుల్లో చిట్టచివరి సన్నటి గొట్టాలు వాచి, కఫంతో పూడుకుపోతాయి. పెద్దవాళ్లకైతే ఆ మాత్రం వాపు లెక్కలోకి రాదు. నెలల పిల్లల గొట్టాలు దారమంత సన్నం కాబట్టి కాస్త వాచినా గాలి ఆడదు. దీనికి ప్రధాన కారణం ఆర్‌ఎస్‌వి అనే వైరస్. 1956లో చింపాంజీల్లో మొదట కనిపించింది, మరుసటి ఏడే పసిపిల్లల్లో పట్టుబడింది. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల్లో ఆర్‌ఎస్‌వి వల్ల దాదాపు 3 కోట్ల 30 లక్షల సార్లు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వచ్చాయి, లక్షకు పైగా పిల్లలు చనిపోయారు. వారిలో 45 వేలకు పైగా ఆరు నెలలు కూడా నిండని పసికందులు. మరణాల్లో 97 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. అంటే వైరస్ అందరికీ సోకుతోంది, ప్రాణం మాత్రం పేదింటి బిడ్డదే పోతోంది. ఈ తేడాకు మందుతో సంబంధం లేదు. సమయానికి ఆక్సిజన్ దొరికిందా లేదా అన్నదే తేడా.

1985లో వచ్చిన 'మందు' కథ

యాంటీవైరల్ కోసం ప్రయత్నం జరగలేదా అంటే, గట్టిగానే జరిగింది. 1985లో అమెరికాలో రిబావిరిన్ అనే మందుకు అనుమతి ఇచ్చారు. మాత్రో, సిరప్పో కాదు. ప్రత్యేక యంత్రంతో పొగమంచులా మార్చి రోజుకు 12 నుంచి 18 గంటల పాటు బిడ్డ చుట్టూ వదలాలి. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకైతే ఆ మందు గొట్టాల్లో గడ్డకట్టి కొత్త ప్రమాదం తెచ్చేది. గర్భిణి నర్సులు ఆ గదిలోకి వెళ్లాలంటే భయం, ఎందుకంటే కడుపులో బిడ్డకు హాని చేస్తుందని జంతువుల్లో తేలింది. ఖర్చు సరేసరి. ఇంతా చేసి ఫలితం ఏమిటంటే, పరిశోధనలు పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతూ వచ్చింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1993లో "వాడాలి" అంది, 1996కు "కావాలంటే పరిశీలించవచ్చు" అంది, 2006కు "మామూలుగా వాడొద్దు" అనేసింది. పదమూడేళ్లలో మూడు మాటలు.

ఎందుకు పనిచేయలేదో అర్థం చేసుకుంటే ఇప్పుడు మెడికల్ షాపుల్లో జరిగే చాలా ఖర్చు ఆగిపోతుంది. పిల్లికూతలు మొదలై, డొక్కలు ఎగరేసే సమయానికి వైరస్ తన పని దాదాపు చేసేసి ఉంటుంది. ఆ దశలో బిడ్డను బాధపెట్టేది ముఖ్యంగా వాపు, కఫం. అప్పుడు వైరస్‌ను చంపే మందు ఇవ్వడమంటే ఇల్లు కాలిపోయాక అగ్గిపుల్ల లాక్కోవడమే. మొదటి రోజే ఇస్తే పనిచేయొచ్చు కానీ, మొదటి రోజు అది మామూలు జలుబులాగే ఉంటుంది. జలుబు చేసిన ప్రతి బిడ్డకూ యాంటీవైరల్ ఎవరు ఇస్తారు?

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. 2021లో ఊళ్లకు ఊళ్లు బ్లాకులో కొన్న ఆ రెమ్‌డెసివిర్ మూలాలు 2009లో హెపటైటిస్-సి, ఆర్‌ఎస్‌వి వైరస్‌ల మీద జరిగిన పరిశోధనలోనే ఉన్నాయి. పసివాళ్ల వైరస్ కోసం మొదలైన వెతుకులాటలోంచి వచ్చిన మందు చివరికి పెద్దవాళ్ల జబ్బుకు చేరింది. 5,400 రూపాయల వయల్‌ను ఎన్నో రెట్లకు కొన్న కుటుంబాలు ఎన్నో. అది మరణాలను చెప్పుకోదగ్గ స్థాయిలో తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ అప్పటికే, 2020 అక్టోబర్‌లోనే చెప్పింది. 'వైరస్‌కు మందు' అనే మాటకు జనంలో ఎంత బలం ఉందో అప్పుడు తేలింది.

ఆశ పూర్తిగా లేదని కాదు. చైనాలో జిరెసోవిర్ అనే మందును ఆర్‌ఎస్‌వితో ఆసుపత్రిలో చేరిన రెండేళ్లలోపు పిల్లల మీద పరీక్షించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. మూడో రోజుకు జబ్బు తీవ్రత స్కోరు మందు తీసుకున్నవారిలో 3.4 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.7 తగ్గింది. తేడా ఉంది, కానీ మందు లేకుండానే 2.7 తగ్గిందన్న సంగతీ చూడాలి. ఎక్కువ మంది పిల్లలు తమంతట తామే కోలుకుంటారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ గోల గుర్తుండే ఉంటుంది. బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు సోకిందనగానే వాట్సాప్ గ్రూపుల్లో లాక్‌డౌన్ పుకార్లు. అదేమీ కొత్త వైరస్ కాదు. 2001లోనే గుర్తించారు, మన దేశంలో ఎప్పటినుంచో తిరుగుతోంది. దానికీ ప్రత్యేకమైన యాంటీవైరల్ లేదు. చికిత్స కూడా ఆర్‌ఎస్‌వికి చేసేదే.

మందు ఉన్నది ఒక్క ఫ్లూకే అనుకోవచ్చు. ఒసెల్టామివిర్‌ను రెండు వారాల వయసు దాటిన శిశువులకు కూడా ఇచ్చేందుకు 2012లో అమెరికా అనుమతించింది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే మేలు ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకు ఫ్లూ అని పరీక్షలో తేలి, చంటిబిడ్డకు జ్వరం మొదలైతే ఆ మాట డాక్టర్‌కు వెంటనే చెప్పడం అందుకే ముఖ్యం. అలాగని షాపులో అడిగి కొనే మందు కాదు, డోసు బిడ్డ బరువును బట్టి మారుతుంది.

లేని మందుకు బదులు ఇస్తున్నవి

మందు లేదన్న ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. మన బస్తీల్లో ఆ ఖాళీని నింపేది సిరప్పు, యాంటీబయాటిక్, నెబులైజర్.

సిరప్పు సంగతి 2025 అక్టోబర్‌లో దేశమంతా చూసింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ దగ్గు సిరప్పు తాగిన పిల్లల కిడ్నీలు దెబ్బతిని 20 మందికి పైగా చనిపోయారు. ఉండాల్సిన పరిమితి 0.1 శాతం అయితే, ఆ సిరప్పులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు ల్యాబ్ తేల్చింది. తెలంగాణ డ్రగ్ కంట్రోల్ విభాగం కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరించింది. విషం కలిసిన బ్యాచ్ గురించే అందరూ మాట్లాడుకున్నారు. అంతకంటే ముఖ్యమైన మాట అక్టోబర్ 3న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనలో ఉంది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వారికి కూడా మామూలుగా అవసరం లేదు. అంటే సిరప్పు శుద్ధమైనదే అయినా చంటిబిడ్డకు దానితో పని లేదు. ఈ సూచన మెడికల్ షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో కనబడాలి. ఎన్ని షాపుల్లో కనబడుతోంది?

యాంటీబయాటిక్ విషయంలో కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. వైరస్ మీద అది పనిచేయదు, నిజం. కానీ బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా కూడా ఇదే వయసులో, ఇలాగే ఆయాసంతో వస్తుంది. రెండూ కలిసి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. పరీక్షించి చూసిన పిల్లల డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే దాన్ని మానేయకూడదు. అభ్యంతరం పరీక్షించకుండా, ఆక్సిజన్ స్థాయి చూడకుండా, మొదటి రోజే ఇంజెక్షన్ పొడిచే ఆర్‌ఎంపీ వైద్యంతోనే. నెబులైజర్ కూడా అంతే. సాల్‌బుటమాల్, స్టెరాయిడ్లు ఆస్తమా పిల్లలకు ప్రాణదాతలు. మొదటిసారి బ్రాంకియోలైటిస్ వచ్చిన శిశువుకు మామూలుగా ఇవి ఉపయోగపడవని 2014లో అమెరికా, 2015లో బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పేశాయి. అయినా "ఆవిరి పెట్టించుకొచ్చాం" అంటేనే వైద్యం జరిగినట్టు లెక్క మన దగ్గర.

మరి పనికొచ్చేది ఏమిటి? వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. ముక్కు దిబ్బడ తీయడం, ఎందుకంటే పసివాళ్లు ముఖ్యంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. పాలు పట్టే ముందు రెండు చుక్కల సెలైన్. తల్లిపాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. జబ్బు సాధారణంగా మూడు నుంచి ఐదో రోజు వరకు ముదురుతుంది, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే రెండో వారంలో డాక్టర్లను మార్చే పని ఉండదు.

ఆక్సిజన్ తగ్గిన బిడ్డకు ఆక్సిజనే మందు. దీనికి గొప్ప ఉదాహరణ అమెరికాలో లేదు, ఢాకాలో ఉంది. అక్కడి ఐసీడీడీఆర్‌బీ ఆసుపత్రిలో డాక్టర్ మొహమ్మద్ జోబాయెర్ చిస్తీ బృందం ఖాళీ షాంపూ బాటిల్‌లో నీళ్లు పోసి, బిడ్డ ఊపిరి వదిలే గొట్టాన్ని అందులో ముంచింది. ఆ బుడగల ఒత్తిడే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. లక్షల ఖరీదైన యంత్రం చేసే పనే ఇది. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం తీవ్ర న్యుమోనియాతో ఆక్సిజన్ పడిపోయిన పిల్లల్లో మామూలు ఆక్సిజన్ పెట్టినవారిలో 15 శాతం మంది చనిపోతే, ఈ బుడగల పద్ధతిలో 4 శాతమే. కోట్ల రూపాయల మందు చేయలేనిది షాంపూ బాటిల్ చేసింది. అయితే ఇంట్లో చేసుకునే చిట్కా కాదిది, శిక్షణ ఉన్న డాక్టర్లు, నర్సులు పక్కనే ఉండి చేసింది.

ఎప్పుడు పరుగెత్తాలి

పిల్లి కూత కంటే ఊపిరి లెక్క నమ్మకమైన గుర్తు. బిడ్డ ఏడవకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి పొట్ట కదలికలు లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఆపైన ఐదేళ్ల వరకు 40 దాటితే డాక్టర్‌కు చూపించాల్సిందే. ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా, పాలు రోజూ తాగేదాంట్లో సగం కూడా తాగకపోయినా, పన్నెండు గంటలుగా మూత్రం పోయకపోయినా ఆలస్యం వద్దు. పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతున్నా 108కి ఫోన్ చేయడమే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూడు నెలల్లోపు వాళ్లయితే ఇంకా ముందే తీసుకెళ్లాలి. బాగా చిన్న పిల్లల్లో దగ్గు, ఆయాసం ఏమీ లేకుండా ఊపిరి ఆగడమే మొదటి లక్షణం కావచ్చు.

జీడిమెట్ల నుంచి చాలామంది చివరికి చేరేది రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్‌కే. ప్రసవంలో తన పరిచారిక చనిపోయిందన్న బాధతో శాహ్‌జాదీ నీలోఫర్ పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అది, 1953 నుంచి నడుస్తోంది. దాని మీద భారం ఎంతో అక్కడి కారిడార్‌లు చెబుతాయి. జీడిమెట్ల కార్మికుల్లో నెలకు 21 వేలలోపు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ హక్కు. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గరే. కానీ పుట్టిన బిడ్డ పేరును కుటుంబ వివరాల్లో చేర్చకపోతే జబ్బు వచ్చిన రాత్రి కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది. కాంట్రాక్టర్ కింద పనిచేసే వారిలో చాలామందికి ఆ కార్డే ఉండదు. ఈ విషయం మీద యూనియన్లు మాట్లాడాలి.

ఇంట్లో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. స్నానం చేయించగానే బిడ్డకు లోబాన్ పొగ పట్టడం ఇంచుమించు ప్రతి ఇంట్లో ఉన్నదే, మతంతో సంబంధం లేదు. దాదీ, నానీ ప్రేమతోనే చేస్తారు. కానీ ఏ పొగైనా ఆ సన్నటి గొట్టాలకు పొగే, బీడీదైనా ఊదుదైనా. పరిశ్రమల గాలిని ఆపడం మన చేతిలో లేదు, గదిలో పొగను ఆపడం ఉంది. నలభై రోజుల చిల్లాలో తల్లీబిడ్డలను గదిలో ఉంచే మన అలవాటు ఒక రకంగా మంచిదే. ఆ గదిలోకే జలుబు చేసిన బంధువులు వచ్చి బిడ్డను ముద్దాడితే మాత్రం ఆ జాగ్రత్తంతా నీటిపాలు. అఖీఖా దావత్‌కు వచ్చినవాళ్లను "చేతులు కడుక్కుని ఎత్తుకోండి" అనడం అమర్యాద కాదు.

రక్షణ వచ్చింది, ఎవరికి?

మందు రాలేదు కానీ ముందుగా అడ్డుకునే రక్షణ వచ్చింది. నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ ఒకటి. ఇది టీకాలా శరీరానికి పాఠం నేర్పదు, తయారైన యాంటీబాడీనే నేరుగా అందిస్తుంది. ఐదు కిలోలలోపు బిడ్డకు 50 మిల్లీగ్రాములు, ఆపైన 100. ఒక్క సూది ఒక సీజన్ అంతా కాపాడుతుంది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల్లో 8 వేల మందికి పైగా శిశువులపై జరిపిన పరీక్షలో ఆర్‌ఎస్‌వితో ఆసుపత్రిలో చేరడం 83 శాతం తగ్గింది. రెండోది గర్భిణులకు వేసే టీకా. తల్లి యాంటీబాడీలు కడుపులో బిడ్డకు చేరతాయి. పుట్టిన మొదటి మూడు నెలల్లో తీవ్ర జబ్బును ఇది దాదాపు 82 శాతం తగ్గించింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ దేశాలకు సిఫారసు చేసింది.

వీటి వెనక 1966 నాటి చేదు అనుభవం ఉంది. అప్పట్లో ఆర్‌ఎస్‌వి టీకా తీసుకున్న పిల్లలకు తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు ఇంకా ముదిరి ఇద్దరు చనిపోయారు. అందుకే శాస్త్రవేత్తలు దశాబ్దాలు ఆగారు. టీకా అంటే భయపడే కుటుంబాలకు ఈ చరిత్ర చెప్పడమే మంచిది, దాచడం కాదు.

నిర్సెవిమాబ్‌ను మన దేశంలో అమ్మేందుకు సనోఫీతో చేతులు కలిపింది హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్. 2025లో ఆ ప్రకటన వచ్చింది. అంటే కొనగలిగినవారికి దారి తెరుచుకుంది. అమెరికాలో మొదట దీని ధర డోసుకు 495 డాలర్లు. రోజు కూలీ మీద బతికే ఇంటికి అందులో పదో వంతు కూడా భారమే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల కార్యక్రమంలో ఆర్‌ఎస్‌వి రక్షణ లేదు.

ఇక్కడే జీడిమెట్ల, శామీర్‌పేటల గత చరిత్ర పనికొస్తుంది. పిల్లల విరేచనాలకు కారణమైన రోటావైరస్ టీకా కూడా ఒకప్పుడు విదేశీ కంపెనీల ఖరీదైన సరుకే. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ డోసును ఒక డాలర్‌కు ఇస్తామని చెప్పి రోటావాక్‌ను తెచ్చింది. 2016లో అది ప్రభుత్వ కార్యక్రమంలో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. యాంటీబాడీ మందులు మన దగ్గర తయారు కావనేదీ నిజం కాదు. 2007లోనే డాక్టర్ రెడ్డీస్ క్యాన్సర్‌కు వాడే రిటక్సిమాబ్‌ను తక్కువ ధరలో తెచ్చింది. అదీ ఇదే జాతి మందు. పరిజ్ఞానం ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి. పేటెంటు, ధర, ప్రభుత్వ కొనుగోలు హామీ, ఈ మూడింటి మీద మాట్లాడేవాళ్లే లేరు. ఏ టీకా జాతీయ కార్యక్రమంలోకి రావాలో సిఫారసు చేసేది ఎన్‌టాగీ అనే నిపుణుల బృందం. న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై దేశమంతా చేరేసరికి 2021 వచ్చింది. ఆర్‌ఎస్‌వికి ఆ గడియారం ఇంకా మొదలే కాలేదు.

అది మొదలయ్యేదాకా ఇప్పటికే ఉచితంగా ఉన్నవాటిని వదులుకోకూడదు. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో న్యుమోకాకల్ టీకా, ఆరు, పది, పద్నాలుగు వారాల్లో పెంటావాలెంట్. ఇవి ఆర్‌ఎస్‌విని ఆపవు కానీ, దాని వెనకే వచ్చి ప్రాణం తీసే బ్యాక్టీరియా న్యుమోనియాను చాలావరకు ఆపుతాయి. బస్తీ దవాఖానాలో, ఆశా కార్యకర్త దగ్గర తేదీలు అడగొచ్చు. ఈ వానాకాలంలో కాన్పు ఉన్న తల్లులు ఆర్‌ఎస్‌వి టీకా, నిర్సెవిమాబ్ తమకు అవసరమా, ఎంత ఖర్చవుతుంది అని ఏడో నెల చెకప్‌లోనే డాక్టర్‌ను అడిగితే ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ముఖ్యంగా ముందు కాన్పులో నెలలు నిండకుండా బిడ్డ పుట్టినవారు.